ప్లేనోలో రావ్‌జీ వంశావళి చదివిన వారం

నేను పెళ్ళి చేసుకున్న మనిషికి ఒక కోట ఉందన్న సంగతి పెళ్ళయిన మూడేళ్ళకు గానీ నాకు తెలియలేదు. అప్పుడైనా ఆయన చెప్పలేదు. ప్లేనోలో మా అపార్ట్‌మెంట్ వంటింట్లో బఠాణీలు ఒలుస్తూ మా అత్తగారు చెప్పారు.

మావారు యూనివర్సిటీలో నాకు సీనియర్. ఊరేదని ఎవరడిగినా "జోధ్‌పూర్ దగ్గర" అని ఊరుకునేవారు. 1979లో డల్లాస్ కోర్టులో మా పెళ్ళయింది. బాపట్ల టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసే మా నాన్న ఫోన్లో విషయం రెండుసార్లు చెప్పించుకున్నాడు. చివరికి, "రాజస్థానా? అక్కడ నీళ్ళుండవు కదమ్మా" అన్నాడు. ఆయన చెప్పిన అభ్యంతరం అదొక్కటే. అటువైపు మామగారు మాత్రం ఒక్క ముక్క రాయలేదు. మరుసటి ఏడు ఆయన పోయారు. నేను ఆయన్ని చూడనే లేదు.

1982 వేసవిలో, మా పాప పుట్టిన కొన్నాళ్ళకు, అత్తగారు ఒంటరిగా విమానమెక్కి వచ్చారు. ఎయిర్‌పోర్టులో నెత్తిన ఓఢనీ ముసుగు చెదరకుండా, చేతిలో చిన్న రేకు పెట్టెతో, ఇంగ్లీషు ఒక్క ముక్క రాకుండా, అందరికంటే ముందు బయటికొచ్చింది ఆవిడే. నన్ను దగ్గరికి తీసుకుని, పాప బుగ్గ నిమిరి, కారెక్కగానే నన్నడిగిన మొదటి ప్రశ్న ఇది: "మిమ్మల్ని నేను ఏమని పిలవాలి?"

నేను నా పేరు చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. స్టీరింగ్ దగ్గర మావారు నవ్వుకుంటున్నారు.

"మా వాళ్ళలో కోడళ్ళని పేరుతో పిలవరు" అన్నారు మావారు. "ఏ వంశం నుంచి వచ్చిందో ఆ వంశం పేరే. అమ్మ భాటీల ఆడపడుచు. అందుకని ఊళ్ళో అందరికీ భటియాణీజీ. చౌహానుల పిల్లయితే చౌహాణ్‌జీ. అమ్మకి అసలు పేరొకటి ఉందని నాకు కాలేజీకి వెళ్ళేదాకా తెలీదు."

"పాస్‌పోర్ట్ ఆఫీసులో అడిగితే నాక్కూడా గుర్తు తెచ్చుకోవలసి వచ్చింది" అన్నారు అత్తగారు. నా హిందీ పరీక్షల కోసం చదివిన హిందీ. ఆవిడది సగం మార్వాడీ. అయినా ఆ మాట నాకు బాగానే అర్థమైంది, ఇద్దరం నవ్వుకున్నాం.

నా పుట్టింటివారు ఎవరని ఆవిడ దారంతా అడిగారు. తెలుగువాళ్ళం అన్నాను. ఇంటిపేరు చెప్పాను. ఆవిడ దాన్ని రెండు మూడు విధాల పలికి చూసి వదిలేశారు. ఇంటికొచ్చి, స్నానం చేసి, టీ తాగి, ఒక నిర్ణయానికి వచ్చినట్టు గ్లాసు కింద పెట్టారు.

"భాటీల పిల్ల భటియాణీ అయితే, తెలుగుల పిల్ల తెలుగాణీ. మీరు తెలుగాణీజీ."

అలా నేను మా ఇంట్లో తెలుగాణీజీనయ్యాను. ఆవిడ ఎవరినీ నువ్వు అనరు. నెలల పాపని కూడా "బాయీసా, మీరు పాలు తాగుతారా" అని అడిగేవారు. బాయీసా అంటే అమ్మాయిగారు. పొద్దున్నే నిద్ర కళ్ళతో ఆ మాట వింటుంటే నాకు భలే సరదాగా ఉండేది.

కోట సంగతి ఆ మొదటి వారంలోనే బయటపడింది. సాయంత్రం మావారు రాగానే నిలదీశాను.

"కోట ఉందని నాతో ఎందుకు చెప్పలేదు?"

"సగానికి పైకప్పు లేదు" అన్నారాయన షూ లేసులు విప్పుకుంటూ. "వాన వస్తే మంచాలు ఈ గదిలోంచి ఆ గదిలోకి మోసేవాళ్ళం. జాగీర్లు నేను పుట్టకముందే పోయాయి. నాన్న పోయేదాకా గోడలకి మట్టి పూయించడంతోనే సరిపోయింది. ఇక్కడ ఆఫీసులో చెప్పుకుంటే, నెక్స్ట్ వీక్ నన్ను ఏనుగు మీద రమ్మంటారు."

ఆయనకది ఇబ్బంది. నాకు మాత్రం ఆ రోజు నుంచి నిద్రలోనూ అదే ధ్యాస. ఆఫీసులో రోజంతా ప్రోగ్రాములు రాసి, ఐదవగానే పరుగున ఇంటికొచ్చి, పాపని ఒళ్ళో వేసుకుని అత్తగారి ఎదురుగా కూర్చునేదాన్ని. ఆవిడ చెప్పేవారు. పెద్ద రాజ్యంలో సింహాసనం పెద్దకొడుక్కి. మిగతావాళ్ళకి ఒక గుర్రం, ఒక కత్తి, తండ్రి దీవెన. మూడో కొడుకు ఎడారి వైపు బయలుదేరాడు. వెంట ఒక ఢోలు వాయించేవాడు తప్ప ఎవరూ లేరు. ఒకచోట గుర్రం కదలనని మొండికేసింది. ఎంత కొట్టినా కదల్లేదు. అక్కడే తవ్వితే తియ్యటి నీళ్ళు పడ్డాయి. ఆ బావి చుట్టూ ఊరు, ఊరి మీద కోట. ఆ మూడో కొడుకు మా పాపకి ఎన్నో తరం తాతో నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టడానికి ప్రయత్నించి తప్పిపోయేదాన్ని.

మర్నాడు లంచ్‌లో ఇదంతా మా ఆఫీసులోనే పనిచేసే నా స్నేహితురాలికి చెప్పేదాన్ని. ఆమెది ఓరుగల్లు. మా కోర్టు పెళ్ళికి సాక్షి సంతకం పెట్టింది ఆమే.

"గుర్రం ఆగిందా? తర్వాతేమైందో చెప్పవే, మీటింగ్‌కి టైమైతుంది" అని తొందర పెట్టేది.

ఆగస్టులో ఒక రోజు మావారు నా ఆఫీసుకి ఫోన్ చేశారు. "శనివారం రావ్‌జీ వస్తున్నారు. అమ్మని చూడ్డానికి. ఓ వారం ఉంటారు. నేను మీటింగ్‌లోకి వెళ్తున్నా" అని పెట్టేశారు.

రావ్‌జీ అంటే రావుగారనుకున్నాను. డల్లాస్ చుట్టుపక్కల మాకు తెలిసిన రావుగార్లే ముగ్గురున్నారు. ఈయన నాలుగో ఆయన కాబోలు, అత్తగారికి ఎలా తెలుసో అనుకుని, శనివారం పొద్దున్నే లేచి గుత్తి వంకాయ కూర, పులిహోర, ముద్దపప్పు చేసి, అమ్మ పంపిన ఆవకాయ సీసా కొత్తది తెరిచాను. మావారు బస్ స్టేషన్‌కి వెళ్ళారు. కారు చప్పుడు కాగానే తలుపు తీసి, "రండి రండి, నమస్కారమండీ, ప్రయాణం బాగా జరిగిందా" అన్నాను స్వచ్ఛమైన తెలుగులో.

ఎదురుగా తెల్లటి బుర్ర మీసాలతో, కుంకుమ రంగు తలపాగాతో, చెవులకు బంగారు పోగులతో, ఆరడుగుల మనిషి రెండు చేతులూ జోడించి, "ఖమ్మా ఘణీ" అన్నారు. వాళ్ళ వైపు అది నమస్కారం. వెనక మావారు సూట్‌కేసు పట్టుకుని నా ముఖం చూసి పగలబడి నవ్వారు.

ఆయన మా అత్తవారి వంశానికి పారంపర్యంగా వంశావళి చెప్పేవారు. రాజపుత్రుల ఇళ్ళలో పుట్టిన వాళ్ళని, వచ్చిన కోడళ్ళని, పోయిన వాళ్ళని తరతరాలుగా గుర్తుపెట్టుకునే కుటుంబాలుంటాయట. వారిని అక్కడ రావ్ అంటారు. కొన్నేళ్ళకోసారి ఇంటికొచ్చి, పాతదంతా చదివి, కొత్తగా చేరినవాళ్ళని కలుపుకుని వెళతారు. ఈయన టల్సాలో ఉన్న కొడుకు దగ్గరికి వచ్చారు. మాజీసా, అంటే మా అత్తగారు, టెక్సస్‌లో ఉన్నారని ఎవరో చెబితే, చూడకుండా ఎలా వెళతానని బస్సెక్కేశారు.

"మరి పుస్తకం?" అని అడిగాను.

"దాన్ని సముద్రం దాటించను, బీనణీసా" అన్నారు. బీనణీ అంటే కోడలు. "ఒక మనిషి ఎత్తలేనంత బరువు. ఉండాల్సింది ఇక్కడ ఉంది" అని నుదురు తాకి చూపించారు. తర్వాత ఆవకాయ కలిపిన ముద్దపప్పు అన్నం తిని, కళ్ళలోంచి నీళ్ళు కారుతుండగా ఇంకొంచెం వడ్డించమన్నారు.

ఆదివారం ఉదయం చదవడం అని అత్తగారు నిర్ణయించారు. అప్పటి నుంచి ఆవిడ కాలు నేల మీద నిలవలేదు. సోఫా గోడకి జరిపించారు. కార్పెట్ మీద తెల్ల దుప్పటి పరిపించారు. రేకు పెట్టెలోంచి చుక్కల ఎర్ర బాంధనీ ఓఢనీ తీసి నాకు కప్పారు. పాపకి జరీ టోపీ. మావారు టీ షర్ట్‌తో వస్తే ఒక్క చూపు చూశారు. ఆయన వెళ్ళి తెల్ల కుర్తా వేసుకుని, పెట్టె అడుగునున్న తండ్రిగారి తలపాగా రావ్‌జీ చేత కట్టించుకుని వచ్చారు. ఆయన్ని అలా చూడటం నాకదే మొదటిసారి. నేను చూస్తూ ఉండిపోయాను.

నా స్నేహితురాలు గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏందే, మీ ఇంట్ల మళ్ళా పెండ్లా? చెప్తే మంచి చీర కట్టుకొస్తుంటి గదా."

రావ్‌జీ కళ్ళు మూసుకుని మొదలుపెట్టారు. మొదట్లో అంతా సూర్యుడు, దేవతలు, పాత పాత రాజ్యాలు. ఒక్కొక్క పేరూ ఒక పాదంలా వచ్చి ముందు పేరుకి తగులుకునేది. తండ్రి పేరు పూర్తయ్యీ కాకముందే కొడుకు పేరు అందుకునేవారు. గొంతు పెరుగుతూ పోయింది. కింది అపార్ట్‌మెంట్‌వాళ్ళు ఏమనుకుంటారో అని నాకు మొదట గుబులు. ఓ పది తరాలు గడిచేసరికి అది మరిచిపోయాను. మూడో కొడుకు, గుర్రం, బావి రాగానే నేను, నా స్నేహితురాలు ఒకరినొకరు గిల్లుకున్నాం. ఆ కథ మాకు తెలుసు కదా. తర్వాత మాకు తెలియనివి. దర్బారులో తన వంతు ఆసనం తమ్ముడికిచ్చారని కోపమొచ్చి మూడు ఊళ్ళు వదులుకున్న ఒకాయన. కత్తి పోయిందని చెప్పులతోనే యుద్ధం చేసి గెలిచిన ఇంకొకాయన. మావారు మొదట్లో తల దించుకుని కూర్చున్నారు. చెప్పులాయన దగ్గర తలెత్తారు. తర్వాత్తర్వాత ముందుకు వంగి, పెదవులు కదుపుతూ, కొన్ని పేర్లు రావ్‌జీ కంటే ముందే అనేస్తున్నారు.

"మీకు వచ్చా ఇవి?" అన్నాను గుసగుసగా.

"చిన్నప్పుడు నాన్న ఒళ్ళో కూర్చుని విన్నాను" అన్నారు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

రావ్‌జీ నీళ్ళు తాగడానికి ఆగినప్పుడు నా స్నేహితురాలు తన హైదరాబాదీ హిందీలో అడిగింది: "రావ్‌జీ, అందరూ మగాళ్ళేనా? ఆడవాళ్ళ పేర్లేవి?"

"ఉన్నాయి కదా బేటీ. ఆయన భార్య చౌహాణ్‌జీ, ఈయన భార్య భటియాణీజీ."

"అవి వంశాల పేర్లు. వాళ్ళ పేర్లు?"

ఆయన నీళ్ళ గ్లాసు పక్కన పెట్టారు. మళ్ళీ మొదలుపెట్టారు. ఒక ఘోరమైన కరువు వచ్చింది. అప్పటి ఠాకూరు కోటలోని ధాన్యం గాదెలన్నీ తెరిపించి, చివరి గింజ దాకా ఊరికి పెట్టాడు. ఆయన కీర్తి ఎడారి దాటింది. రావ్‌జీ చెయ్యెత్తి ఆ పాదాన్ని రెండోసారి అందుకుంటుండగా అత్తగారు ఓఢనీ చాటునుంచి అన్నారు, "ఆయన అప్పుడు ఊళ్ళో లేరు."

వంశావళి చదివేటప్పుడు మధ్యలో మాట్లాడకూడదని నాకు చెప్పింది ఆవిడే.

"ఆయన ఆ ఏడాదంతా జోధ్‌పూర్‌లో ఉన్నారు, రావ్‌జీ. గాదెలు తెరిపించింది ఆయన భార్య. చౌహాణ్‌జీ. తాళాలు లెక్కలు చూసే పెద్ద కామదారు దగ్గరుంటే, గొడ్డలితో తలుపులు కొట్టించారు. మా అత్తగారు నాకు చెప్పారు, ఆవిడకి వాళ్ళ అత్తగారు చెప్పారు." ఆ తర్వాత ఆ చౌహాణ్‌జీ అసలు పేరు చెప్పారు. అంతటితో ఆగలేదు. ఆవిడ తర్వాత వచ్చిన కోడలి పేరు, ఆ తర్వాతి ఆవిడ పేరు, చివరికి తన అత్తగారి పేరు. ఒక్కొక్కరి గురించి ఒక మాట. ఒకావిడ మారువేషంలో గుర్రమెక్కి పుట్టింటికి వెళ్ళొచ్చింది. ఒకావిడకి చదరంగంలో ఊళ్ళో సాటి లేదు. ఒకావిడ కోపమొస్తే మేడ మీదికెక్కి పాటలు పాడేది, అందరూ వినడానికి కింద చేరేవారు.

రావ్‌జీ ఆవిడ వైపు చూస్తూ కూర్చున్నారు. ఆయనకి కోపమొచ్చిందేమోనని మావారు కంగారుగా సర్దుకున్నారు. రావ్‌జీ నెమ్మదిగా మీసం సవరించుకుని, "మాజీసా, ఇంకోసారి చెప్పండి. వేగంగా చెప్పారు, నాకు పట్టుబడలేదు" అన్నారు.

ఆవిడ మళ్ళీ చెప్పారు. ఆయన వేళ్ళ కణుపులు లెక్కపెట్టుకుంటూ తిరిగి చెప్పారు. ఆ తర్వాత కరువు దగ్గర్నుంచి మళ్ళీ అందుకుని, ఈసారి గొడ్డలి దెబ్బలు, తలుపు విరగడం, చౌహాణ్‌జీ పేరు అన్నీ కలిపి అప్పటికప్పుడు కట్టి పాడారు. మేం నలుగురం చప్పట్లు కొట్టాం. వంశావళికి చప్పట్లు కొడతారో లేదో మాకు తెలియదు.

మామగారి పేరు వచ్చింది. మావారి పేరు వచ్చింది. రావ్‌జీ నా వైపు తిరిగారు.

"తెలుగాణీజీ" అన్నారు అత్తగారు గంభీరంగా.

"అది వంశమా?" అన్నారాయన అనుమానంగా. "తెలుగు అనేది దేశం, భాష. బీనణీసా, మీ గోత్రమేది? తండ్రి, తాత, ఆ పైవారు?"

గోత్రం చెప్పాను. నాన్న పేరు, తాత పేరు, ముత్తాత పేరు కూడా చెప్పాను. అక్కడితో అయిపోయింది. ముప్పై తరాల పైచిలుకు విన్న గదిలో మూడు దగ్గర ఆగిపోయాను.

"మీ నాన్నని అడుగు" అంది నా స్నేహితురాలు. "ఫోన్ ఆఫీసులోనే గదా ఉండేది."

ఆ సాయంత్రం కాల్ బుక్ చేశాం. బాపట్లలో అప్పుడు సోమవారం పొద్దున, నాన్న డ్యూటీలో ఉన్నాడు. లైన్ కలవగానే విషయం అరిచి చెప్పాను. అందరూ నా చుట్టూ నిలబడ్డారు.

"వాళ్ళవి ఎన్ని తరాలు?" అన్నాడు నాన్న.

"ముప్పైకి పైనే నాన్నా."

"ముప్పయ్యా." కాసేపు లైన్లో గరగర. "మనం ఏడైనా చెప్పకపోతే బావుండదు కదమ్మా. తర్పణాల్లో మూడు తరాలు అనుకుంటాం. నాలుగో ఆయన నాకు తెలుసు. కృష్ణ అవతల నుంచి ఉప్పు బళ్ళతో వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. ఆయనకి పైన... లైన్ పెట్టెయ్. మా మేనత్తని అడిగి, రేపు ఇదే టైముకి నేనే పట్టుకుంటా. ఎక్స్ఛేంజి మనదే కదా."

మర్నాడంతా నాకు ఆఫీసులో పని సాగలేదు. ఇంటికొచ్చేసరికి అత్తగారు ఫోను పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నాన్న ఫోన్ చేశాడు. గొంతులో మునుపెన్నడూ వినని హుషారు. రాత్రికి రాత్రే బస్సెక్కి కృష్ణ అవతలికి వెళ్ళి మేనత్తని లేపాడట. ఆవిడ ఆరో తరం దాకా చెప్పింది. ఏడో తరం ఆయన పేరు మీద ఆవిడ పక్క ఊళ్ళో చెలమ బావి ఉంది, అది కూడా చూసి వచ్చాడట. ఒక్కొక్క పేరూ ఆయన బాపట్ల నుంచి అనడం, నేను గట్టిగా తిరిగి అనడం, రావ్‌జీ నా తర్వాత అనడం. మా తాతల పేర్లు ఆ మార్వాడీ నోట్లో సాగి, వంగి, కొత్త పేర్లలా వినిపించాయి. ఏడూ అయ్యాక నాన్న, "సరిగా రాసుకోమను. మూడో ఆయన పేరులో దీర్ఘం ఉంది" అన్నాడు.

రావ్‌జీ ఒక రోజంతా బాల్కనీలో తనలో తాను గొణుక్కుంటూ తిరిగారు. వెళ్ళే ముందురోజు మమ్మల్ని కూర్చోబెట్టి ఒక దోహా, అంటే రెండు పాదాల పద్యం, చెప్పారు. దాని భావం ఇది: దక్షిణ సముద్రపు ఒడ్డు నుంచి ఉప్పు బళ్ళవారి ఆడపడుచు వచ్చింది; ఎడారి ఇంట ఉప్పు లేని లోటు తీరింది. చివర్లో మా పాప పేరు చేర్చారు.

"ఆడపిల్లల్ని ఏ ఇంటికిచ్చారో అప్పుడు రాస్తారు, మాజీసా. ఇంత పసిబిడ్డని ఇప్పుడే..." అన్నారు కాస్త సందేహిస్తూ.

"ఇప్పుడే" అన్నారు అత్తగారు.

అత్తగారూ రావ్‌జీ ఇద్దరూ ఆ శరత్కాలంలో వేరు వేరు విమానాల్లో ఇండియా వెళ్ళిపోయారు. చలికాలంలో ఒక ఆదివారం పొద్దున ఫోన్ మోగింది. అత్తగారు జోధ్‌పూర్‌లో ఎవరింటి నుంచో మాట్లాడుతున్నారు.

"చదివారు" అన్నారు. "కోట వాకిట్లో. ఊరంతా వచ్చింది. మొదట చౌహాణ్‌జీ గొడ్డలి, తర్వాత మిగతా ఆడవాళ్ళు. ముసలివాళ్ళు కొందరు గొణిగారు. రావ్‌జీ వినిపించుకోలేదు. ఆ తర్వాత మీరు. మీ నాన్నగారి ఏడు తరాలు. ఒక్కొక్క పేరుకీ ఢోలు వాయించారు. బాయీసా పేరుకి బెల్లం పంచాం."

లైన్ తెగిపోయింది. మావారు కింద పార్కింగ్ లాట్‌లో కారు మీద మంచు గీకుతున్నారు. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి పరిగెత్తి చెప్పాను. ఆయన చేతిలోని బ్రష్ అలాగే పట్టుకుని, "మొత్తం చదివారా?" అని రెండుసార్లు అడిగి, నన్ను మంచులోంచి ఎత్తి కారు మీద కూర్చోబెట్టారు.

పైకి రాగానే బాపట్లకి కాల్ బుక్ చేశాను. నాన్న అంతా విన్నాడు.

"ఢోలు వాయించారా?" అన్నాడు. "ఒక్కొక్క పేరుకీనా? ఆగు, మీ అమ్మని పిలుస్తా. మొదట్నుంచి చెప్పు."